రెండో కొస

పొద్దున్నే మంచు గట్టిపడిన పచ్చిక చుట్టూ నడుస్తూ, పుష్పలీల కోటు జేబులోంచి వేయించిన పల్లీలు నాలుగు తీసుకుంది. ఎప్పటిలాగే దారికి ఎడమవైపు ఒదిగి నడుస్తోంది. కుడివైపు భర్త అమరేందర్‌ది. ఆయన పోయి నాలుగు నెలలైనా ఆ చోటు ఆక్రమించడానికి ఆమెకి మనసొప్పలేదు. ఇద్దరూ ఈ జేబులోంచే తినేవాళ్ళు. చలికి కొయ్యబారిన ఆయన చెయ్యి వచ్చి తగిలేది. ఇప్పుడూ ఒక్కోసారి తగిలినట్టే ఉంటుంది. చూసుకుంటే తన చెయ్యే.

ఇంటికొచ్చి పట్టుచీర కట్టుకుని, ఇన్నాళ్ళకి మళ్ళీ ఎర్ర బొట్టుబిళ్ళ పెట్టుకుంది. "తప్పే," అని అద్దంతోనే చెప్పి, అడ్డుతెర సంచీలో పెట్టుకుని మాంచెస్టర్ పోయే కోచ్ బస్సు ఎక్కింది.

న్యూకాసిల్‌లో ఓ ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే మనిషి ఆమె. ఆయన సిటీ బస్సు నడిపేవాడు. ఇంత చిన్న బతుకులో వాళ్ళకి దక్కిన పెద్దరికం ఒక్కటే. తెలిసిన డాక్టర్ల ఇళ్ళల్లో, కంప్యూటర్లవాళ్ళ ఇళ్ళల్లో పెళ్ళయితే వధూవరుల మధ్య తెర పట్టేది ఈ జంటే. వీసాలు రాక చుట్టాలు ఇండియాలోనే ఆగిపోతే వీళ్ళే అత్తా మామా అయ్యేవాళ్ళు. ఆ తెర కూడా వాళ్ళ సొంత పెళ్ళిదే.

అందుకే పెళ్ళికూతురు బిందుమాధవి తల్లి ఫోన్ చేసి మీరిద్దరూ రావాల్సిందేనన్నప్పుడు, ఆయన లేడని చెప్పకుండా వస్తామనేసింది. చెబితే అయ్యో అంటారు. ఆనక ఇంకో ముత్తైదువని చూసుకుంటారు. ఒక్కసారి, ఇంకొక్కసారి ఆ తెర పట్టుకోవాలి. పెళ్ళికి పోతూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు ఆ అబద్ధాన్ని మోసుకుంటూ వచ్చింది.

హాలు గుమ్మంలోనే అంకుల్ ఏరని అడిగారు.

"కారు పెట్టనీకి పోయిండు."

మాంచెస్టర్‌లో పార్కింగ్ సంగతి తెలిసినవాళ్ళు కనక నమ్మారు. గౌరీపూజ అయింది. పెళ్ళికూతురు పీటల మీదికొచ్చింది. పాపం, ఆయన ఇంకా కారు పెడుతూనే ఉన్నాడు.

ముహూర్తం ఎవరికోసం ఆగుతుంది? పెళ్ళికొడుకు బాబాయి రెండో కొస అందుకున్నాడు. ఆరడుగుల మనిషి. తెర ఏటవాలుగా లేచింది. పురోహితుడు ఆమెని చెయ్యెత్తమన్నాడు. అమరేందర్ పొట్టివాడు. ఇన్నేళ్ళూ ఆయన ఎత్తుకే దించి పట్టిన చేతులు ఎంత లేపినా లేవలేదు. "జర దించవే" అంటూ ఆయన లాగినట్టే బట్టలో చిన్న లాగుడు తెలిసింది. పుష్పలీలకి భయం వేసింది, ఏడుపూ వచ్చింది.

"బాబాయ్‌గారూ, మీరే దించండి. మా అంకుల్ ఎత్తుకి," అంది బిందుమాధవి, తల వంచుకునే.

బాబాయి వంగాడు. తెర సమంగా నిలిచింది. జీలకర్ర బెల్లం పెట్టించి, తెర తీశారు.

తాళి కట్టాక అక్షింతలు వెయ్యబోతే బిందుమాధవి ఆమె చెయ్యి పట్టుకుంది. ఈ అమ్మాయి న్యూకాసిల్‌లో డాక్టరని పుష్పలీలకి తెలుసు. ఏ వార్డో ఎప్పుడూ అడగలేదు. ఆయన పోయిన రోజు తను వార్డుకి పరుగెత్తుకెళ్ళేసరికే అంతా అయిపోయింది.

"అంకుల్ పోయినప్పుడు వార్డ్‌లో నేనే ఉన్నాను ఆంటీ," అంది మెల్లగా. "పేషెంట్ల సంగతులు ఇంట్లో చెప్పకూడదు, చెప్పలేదు. మిమ్మల్నే పిలవమని అమ్మతో అన్నది నేనే. అంకుల్ అక్షింతలు కూడా మీరే వెయ్యండి."

పుష్పలీల తన గుప్పెడు వేసింది. రెండో గుప్పెడు తీసుకుని, అదీ వేసింది.

భోజనానికి ఉండమన్నా ఉండలేదు. "మా ఆయన బయట చలిల నిలబడ్డడు, పోతున్న," అని బిందు తల్లికి చెప్పి, కోటు వేసుకుని వెళ్ళిపోయింది. ఆ తరవాత ఏ పెళ్ళిలోనూ ఆమె కనిపించలేదు.

హాలు ఊడ్చేటప్పుడు కుర్చీ మీద అడ్డుతెర దొరికింది. దుప్పటిలా చక్కగా మడతపెట్టి ఉంది. రెండో కొసకి చిన్న ముడి, అందులో వేయించిన పల్లీలు నాలుగు.