ఒళ్ళు చల్లబడని నిద్ర

నేను ఒక టీవీ ట్యూనర్‌ని. బొటనవేలంత ఉంటాను. కంప్యూటర్‌కి గుచ్చి, వెనక యాంటెన్నా తీగ తగిలిస్తే గాలిలో తిరిగే బొమ్మల్ని పట్టి తెర మీద పెడతాను. ధైర్యవంతుణ్ణని మాత్రం ఎన్నడూ చెప్పుకోలేదు. కరెంటు పోయిందంటే నేర్చుకున్నదంతా మరిచిపోతాను. తిరిగి వచ్చాక కంప్యూటర్ నాకు ఓనమాల దగ్గర్నుంచి చెప్పాలి. చెప్పకపోతే నా మీద దీపం వెలుగుతూనే ఉంటుంది, బుర్ర మాత్రం ఖాళీ.

సముద్రం అవతల ఏదో ఫ్యాక్టరీలో పుట్టి, విజయనగరం హాస్టల్లో ఒక క్రికెట్ పిచ్చివాడి చేతిలో పడ్డాను. వికెట్ పడ్డప్పుడల్లా తప్పు నాదే అన్నట్టు పీకి మళ్ళీ గుచ్చేవాడు. ఫోన్లో మ్యాచ్ చూడ్డం మరిగాక నన్ను అమ్మేశాడు. అలా విశాఖపట్నంలో రత్నమాల గారి బల్ల మీదికి చేరాను.

రత్నమాల గారి సంస్థ తీరం వెంట తుఫాను షెల్టర్లలో టీవీ పెట్టెలు పెడుతుంది. మూడు వందల పెట్టెలు, ఒక్కోదాని లోపల నా తోడబుట్టినవాడు ఒకడు. కరెంటు పోతే అవి బ్యాటరీ మీద నడవాలి. మేము అస్తమానం మేలుకుని ఉంటే బ్యాటరీ ఆరు గంటల్లో చస్తుంది. అందుకే గంటకోసారి వచ్చే తుఫాను హెచ్చరికల నడుమ మమ్మల్ని నిద్రపుచ్చేలా, ఆవిడ దగ్గర పనిచేసే జోగారావు గారు డ్రైవర్‌లో మార్పులు రాశారు. డ్రైవరంటే కంప్యూటర్ మూల ప్రోగ్రాం అయిన కెర్నెల్‌లో కూర్చుని మమ్మల్ని నడిపే భాగం. ఆ మార్పులు చదివి సరే అనాల్సింది రత్నమాల గారు.

ఆ ఉదయమే బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడింది. సాయంత్రం ఐదింటికల్లా మార్పులు పెట్టెలన్నిటికీ వెళ్ళిపోవాలి.

రత్నమాల గారికొక అలవాటు. మారిన ప్రతి లైనునీ పారాయణంలా పైకి చదువుతారు. వింటున్నాను. నిద్రకి కరెంటు ఆపు. లేపడానికి కరెంటు ఇవ్వు. తరవాత? ఓనమాలు? ఆ లైను లేదు! అది వేరే ఫైలులో ఉంది. మమ్మల్ని కొత్తగా గుచ్చినప్పుడు మాత్రమే నడుస్తుంది. ఆవిడ చదువుతున్న కాగితాల్లోకి అది రానేలేదు. పెట్టెలన్నీ మొదటి నిద్రలోనే పోతాయి. గాలీవానా మధ్య జనం నల్లటి తెర ముందు కూర్చుంటారు.

అరవడానికి నాకు నోరేది?

“వంద సార్లు పడుకోబెట్టాను మేడం, వంద సార్లూ లేచింది,” అన్నారు జోగారావు గారు. “మా బుడ్డోడు కూడా అంత బుద్ధిగా లేవడండి.”

“మీవాడికి మీరు డ్రైవర్ రాయలేదు కాబట్టి బతికిపోయాడు.”

అబద్ధం! నేను ఒక్కసారైనా పడుకోలేదు. తెర మూలన సిగ్నల్ మీటర్ కిటికీ తెరిచే ఉంది. అది క్షణానికోసారి ‘సిగ్నల్ ఎంత?’ అని అడుగుతుంటే నాకు నిద్రెక్కడిది? ఆ పరీక్ష ఆజ్ఞలు పంపి లెక్కపెట్టుకుంది, అంతే. పడుకున్నానో లేదో చూడలేదు.

నాలుగవుతోంది. ‘సరే’ అని రాయడానికి రత్నమాల గారు కీబోర్డు దగ్గరికి లాక్కున్నారు. చెయ్యి నాకు తగిలింది. ఆగారు. ఈసారి వేలు కావాలనే ఆనించారు.

“జోగారావు గారూ, ఇది పడుకుని ఎంతసేపయింది?”

“గంట దాటిందండి.”

“మరి ఒళ్ళు ఇలా కాలుతోందేం?”

“వైజాగ్ ఎండలు కదండీ.”

“ఏసీ గదిలోనా?”

ఆవిడ తెరంతా వెతికారు. మూలన మీటర్ కనబడింది. జోగారావు గారు నాలిక్కరుచుకున్నారు. “యాంటెన్నా సరిచేద్దామని పొద్దున్న తెరిచానండి… మూయడం మరిచిపోయాను.”

మౌస్ బాణం ఆ కిటికీ వైపు కదిలింది. అది మూస్తే ముందు మునిగేది నేనే. మూయకపోతే నా తోడబుట్టినవాళ్ళు మూడు వందల మందీ. మూయండమ్మా అని వేడుకుంటూనే, వద్దు వద్దని వణికాను.

మూసేశారు.

ఆ తరవాత ఏం జరిగిందో నాకు తెలియదు; లేపినా బొమ్మ రాలేదు కాబోలు. ఆవిడ నన్ను పీకి మళ్ళీ గుచ్చాక, ఓనమాలు నా తలకెక్కేసరికి గడియారంలో నాలుగూ పది.

“మళ్ళీ గుచ్చితే బాగానే ఉందిగా మేడం,” గొణిగారు జోగారావు గారు.

“షెల్టర్లో పెట్టె స్తంభమ్మీద, తాళం లోపల ఉంటుంది. పీకి గుచ్చేదెవరు, తుఫానా?”

ఆయన కూర్చుని, తప్పిపోయిన ఆ ఓనమాల లైను మమ్మల్ని లేపే చోట తెచ్చి పెట్టారు. మళ్ళీ వంద నిద్రలు. ప్రతిసారీ చీకట్లో పడుతూ ఇదే ఆఖరనుకున్నాను. పది నిద్రలకోసారి రత్నమాల గారు వేలు ఆనించి చల్లబడ్డానో లేదో చూశారు. ఐదు దాటింది, ఆరూ దాటింది. అప్పుడు పంపారు.

మర్నాడు తుఫాను తీరం తాకింది. వార్తల బొమ్మ పట్టింది నేనే. విలేకరి వెనక షెల్టర్ హాలు. తడిసిన జనం, ఒళ్ళో పిల్లలు, గోడకి మా పెట్టె. తెర నల్లగా ఉంది. పదకొండుకి ఇంకా నిమిషం. రత్నమాల గారు టీ గ్లాసు నోటిదాకా తెచ్చి ఆపేశారు. జోగారావు గారు లేచి నిలబడ్డారు.

పదకొండు కొట్టింది. నల్లగానే ఉంది. ఎవరో ముసలాయన లేచి తెర వైపు నడిచాడు.

అప్పుడు వెలిగింది. నీలం వెలుగు ఆ తడి ముఖాలన్నిటి మీదా పడింది. మాటలు వినబడగానే హాలంతా సద్దుమణిగింది.

“లేచాడు,” అన్నారు రత్నమాల గారు, అంతే.

హెచ్చరిక అయిపోగానే తెర మళ్ళీ నల్లబడింది. వాళ్ళిద్దరూ టీ తాగారు. నాకు మాత్రం పన్నెండింటికి మళ్ళీ లేస్తాడో లేదోనన్న భయం అప్పుడే మొదలైంది.