కుర్చీల మాట

అక్క రాసిన నవల్లో చెల్లెలు చేసే పని ఒక్కటే, తలుపు తీయడం. ఆ నవల బడిపిల్లలకు పాఠమైంది, నాటకమైంది. అందులో అక్క పాత్ర పలికే ఒక మాటను కాఫీ కప్పుల మీద కూడా అచ్చేశారు. "అందులో మీరెవరండీ?" అని ఎవరైనా అడిగితే, "గడియని" అనేది చెల్లెలు. వాళ్లు నవ్వేవారు. ఆమెకు ఒళ్లు మండేది.

ఇప్పుడా నవలను చదివించి రికార్డు చేస్తున్నారు. అక్కకు గొంతు ఆపరేషనైంది, మాట్లాడకూడదు. ఇద్దరిదీ ఒకే గొంతు కాబట్టి చెల్లెల్ని మైకు ముందు కూర్చోబెట్టారు. అద్దానికి అవతల రికార్డిస్టు, అతని పక్కన అక్క.

ఆ ఘట్టం రానే వచ్చింది. అక్కతో పెళ్లి కుదుర్చుకుని, చెప్పాపెట్టకుండా పోయినవాడు ఏడాది తర్వాత గుమ్మంలో నిలబడ్డాడు. చెల్లెలు తలుపు తీసింది. పుస్తకంలో ఆ తర్వాత అక్క వస్తుంది.

చెల్లెలు పేజీ మీంచి కళ్లెత్తి, "'ఇంట్లో కుర్చీలున్నాయి. నువ్వు కూర్చోడానికి లేవు' అంది చెల్లెలు" అని చదివింది.

రికార్డిస్టు ఆపాడు. "మేడమ్, 'అంది అక్క' అనుండాలి."

"పుస్తకంలో అలాగే ఉంది. అన్నది నేను."

"జనం నన్ను బతకనివ్వరండీ! మా ఆవిడ రోజూ ఆ కప్పులోనే తాగుతుంది."

"అయితే మీ ఆవిడకు చెప్పండి, అది నా నోట్లోంచి ఊడిపడిందని. రాసినావిడ అప్పుడు వంటింట్లో నక్కి ఉంది."

అక్క లేచి లోపలికి వచ్చింది. చెల్లెలు పోట్లాటకు సిద్ధమైంది.

"అలాగే ఉంచు" అంది అక్క, గొంతు మీద చెయ్యేసుకుని, గాలితో. "దాని కింద ఇంకోటి చేర్చు."

"ఏమని?"

"'వంటింట్లో ఉన్న అక్కకు వచ్చినవాడి మీద కోపం రాలేదు. ఆ మాట తనకు రానందుకు చెల్లెల్ని చూసి కుళ్లుకుంది.'"

అంతా మైకులో విన్న రికార్డిస్టు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "అమ్మా, నవల మొత్తం మీద ఇంత మంచి మాట లేదు."

చెల్లెలి మొహం మాడిపోయింది. "చూశావా అక్కా! నా మాట నాకిచ్చినట్టే ఇచ్చి, అంతకన్నా మంచిది నువ్వు కొట్టేశావు."

"చదవనంటావా?"

చెల్లెలు మైకును దగ్గరికి లాక్కుంది. ఆ వాక్యాన్ని చెడగొట్టి చదవాలనుకుంది. 'కుళ్లుకుంది' దగ్గరికొచ్చేసరికి గొంతు దానంతటదే సర్దుకుంది. ఆ మాట ఎలా పలకాలో ఆమెకు ఒకరు నేర్పక్కర్లేదు.

రికార్డిస్టు రెండో టేకు అడగలేదు.