కుర్రాళ్ళ గది

మా ఊళ్ళో గుడి, చర్చి, హైస్కూలు, పోలీసులు కలిసి ఒక కమిటీ పెట్టారు. కుర్రాళ్ళని మందుకీ గంజాయికీ దూరంగా ఉంచాలని. నేను ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి. అందుకని ఆ మీటింగులకి నా ట్రాలీ ఆటోలో కుర్చీలు తెమ్మనేవారు గానీ, వాటిలో కూర్చోమనేవారు కాదు.

వాళ్ళ మొదటి తీర్మానం సరిగ్గా మా అమ్మాయి భవ్య పెళ్ళి మీద పడింది.

మావైపు ఆనవాయితీ ఒకటుంది. పెళ్ళికొడుకు స్నేహితులకి విడిదింట్లో విడిగా ఒక గది ఇవ్వాలి. అందులో ఏం పెట్టాలో ఎవరూ నోరు విప్పి చెప్పరు. పెట్టకపోతే మాత్రం ఏడాదిపాటు చెబుతారు. మా ఊరి పిల్లలు మొదటి గుక్క నేర్చుకునేదీ ఆ గదుల్లోనే. కిందటేడు నా బావమరిది కొడుకు, ఇంటర్ చదివేవాడు, అలాంటి గదిలోంచి వచ్చి బండెక్కి నేరుగా కాలవలోకి పోయాడు. కాలు విరిగింది, పరీక్ష పోయింది. ఇకమీదట ఏ పెళ్ళిలోనూ ఆ గదిలోకి సీసా రాకూడదని కమిటీ మాట.

"గుడి ఛైర్మన్‌గారి అబ్బాయి పెళ్ళి మొన్నేగా అయింది. అప్పుడు లేని తీర్మానం ఆటోవాడి దగ్గరకొచ్చేసరికి పుట్టిందా అండి?" అన్నాను, హెడ్మిస్ట్రెస్ ప్రిస్కిల్లాగారితో.

"మీ వెనక మేముంటాం బుల్లియ్యగారూ."

"మీరు వెనక ఉంటారండి. అలిగిన పెళ్ళికొడుకు నా ముందుంటాడు."

నా భయమంతా అదే. కాబోయే అల్లుడు కిరణ్ మంచివాడే, కానీ స్నేహితుల మాట దాటడు. వాళ్ళు మూతి ముడిస్తే పీటల మీదికి రాడు. ఇంట్లో చూస్తే భవ్య, "ఆ గదిలో సీసా ఉందని తెలిస్తే నేనే రాను నాన్నా" అని కూర్చుంది.

పెళ్ళి ముందురోజు మధ్యాహ్నం కిరణ్ స్నేహితులు, భీమవరం కుర్రాళ్ళు నలుగురు, దిగారు. వాళ్ళలో పెద్ద గణేష్‌బాబు గదంతా చూశాడు. వంగి మంచం కింద కూడా చూశాడు.

"ఏంటండి బాబాయ్‌గారూ, ఏర్పాట్లు ఇంకా రాలేదా?"

"వస్తున్నాయి బాబూ" అన్నారు ప్రిస్కిల్లాగారు నా వెనకనుంచి.

వచ్చాయి. గుడిలో అన్నదానానికి వండే సుబ్బాయమ్మగారు గారెల బేసినుతో, చర్చి ఆడవాళ్ళు కోడి పలావుతో, కానిస్టేబుల్ అప్పాజీ పంచె ఎగ్గట్టి రొయ్యల వేపుడుతో. మావైపు వడ్డించేవాళ్ళకి 'చాలు' అన్న మాట వినపడదు. గణేష్‌బాబు విస్తరికి చెయ్యి అడ్డం పెట్టాడు. సుబ్బాయమ్మగారు ఆ చేతిమీదే గారె పెట్టింది.

"ఇదొక్కటీ, మా నాన్న కదూ."

"మామ్మగారూ, ఇందాకా ఒక్కటే అన్నారండి."

"అది పలావుకి ముందు. ఇది తరవాతది."

ఒకడు మెల్లిగా లేచి, కాస్త బయటికెళ్ళొస్తానన్నాడు. గుమ్మంలో అప్పాజీ ఆత్రేయపురం పూతరేకుల పళ్ళెంతో నిలబడి ఉన్నాడు.

"ఇవి ముట్టకుండా గడప దాటితే ఆడపెళ్ళివారికి అవమానమండి. మీరు పెద్దింటి పిల్లలు, మీకు తెలీనిదేముంది."

తిన్నాడు. మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. ఇక లేవలేదు.

పొద్దు వాలేసరికి నలుగురూ నడుం బెల్టులు వదులు చేసుకుని వెల్లకిలా పడున్నారు. కిరణ్ ఫోన్ చేశాడు, ఏర్పాట్లు ఎలా ఉన్నాయిరా అని.

"రేపు మాట్లాడతాన్రా" అన్నాడు గణేష్‌బాబు. "ఇప్పుడు నోరు తెరిస్తే గారె బయటికొచ్చేలా ఉంది."

పొద్దున్న ముహూర్తానికి ఇద్దరూ పీటలెక్కారు. తాళి కట్టిన కాసేపటికి గణేష్‌బాబు నా దగ్గరకొచ్చాడు. ఇప్పుడు మొదలవుతుంది పంచాయితీ అనుకున్నాను.

"బాబాయ్‌గారూ, ఆ మామ్మగారు ఉన్నారా, వెళ్ళిపోయారా?"

"ఉన్నారు బాబూ. ఏం?"

"అయితే నేను భోజనానికి రానండి."

ఆ వారమే కమిటీకి ఊళ్ళో సన్మానం జరిగింది. దండలు, శాలువాలు, ఫొటోలు. నా కూతురి పెళ్ళి గురించి అందరూ మైకులో చాలా బాగా మాట్లాడారు.

కుర్చీలు నేనే దింపాను.