‘పికప్ లైన్’లో ఆఖరి పాట

మన తెలుగువాళ్ళకి పాట వినగానే ముందు పుట్టే ప్రశ్న ఒకటే. పాడిందెవరు? తెరమీద పెదవులు ఎవరు కదిపితే మనకేం? కారు స్టీరింగు పట్టుకుని కూడా వాదించుకుంటాం, ఆవిడ కాదు ఈవిడ అని. పాడిన మనిషి పేరు దాచిపెట్టడమన్నది మన బుర్రకి ఎక్కే సంగతే కాదు. ఆ అలవాటే త్రివేణి కొంప ముంచింది. తన కొంపతో ఆగినా బాగుండేది.

త్రివేణి అమెరికాలో, ప్లేనోలో పెరిగింది. పదిమంది తెలుగువాళ్ళు కూడిన చోట పిల్లల్ని నిలబెట్టి డాక్టరవుతావా, ఇంజనీరవుతావా అని అడిగే రోజుల్లో, నేను మ్యూజికల్స్‌కి సంగీతం రాస్తాను అన్న పిల్ల అది. మ్యూజికల్ అంటే ఏమిటే అన్న పెద్దమనిషికి, మన పద్యనాటకం లాంటిదే అంకుల్, పద్యం బదులు పాట అని చెప్పింది. ఆయన బుద్ధిమంతుడిలా తలూపి, పక్కకెళ్ళి ఆమె తల్లి జ్ఞానప్రసూనతో అమ్మాయిని ఓ కంప్యూటర్ కోర్సులో కూడా చేర్పించమన్నాడు. జ్ఞానప్రసూన చేర్పించలేదు. ఆ ఒక్క విషయంలో ఆవిడకి దణ్ణం పెట్టాలి.

న్యూయార్క్ వెళ్ళి ఏళ్ళ తరబడి వేరేవాళ్ళ రిహార్సల్స్‌లో పియానో వాయించింది త్రివేణి. తను రాసిన మొదటి షోకి జనం రాలేదు. రెండోదాన్ని ఊరవతల ఆడించి చూసి, న్యూయార్క్ దాకా తీసుకురాకుండానే మూసేశారు. ఒక పిల్లల సినిమాకి పాటలన్నీ కట్టాక ఆ సినిమాయే ఆగిపోయింది. ఇలా పట్టిందల్లా మన్నయితే ఇంకొకతె ఇంటికొచ్చి వేరే ఉద్యోగం చూసుకునేది. త్రివేణి నలభై దాటాక ‘పికప్ లైన్’ రాసింది.

స్కూలు వదిలేవేళ పిల్లలకోసం కార్లలో వరస కట్టే తల్లుల కథ అది. ఎవరి కార్లో వాళ్ళు, అద్దాలు బిగించుకుని, ఎవరి గోడు వాళ్ళు పాడుకుంటారు. ఆఖరి పాట సుజన అనే తల్లిది. వరసలో ఉండగా డాక్టరు ఆఫీసునుంచి ఫోనొస్తుంది, గడ్డ మంచిది కాదని. బండి పక్కకి తియ్యడానికి లేదు, ముందో కారు, వెనకో కారు. కొంచెం కొంచెంగా ముందుకి జరుగుతూ పాడుతుంది. పాప వచ్చి తలుపు తీసేసరికి పాట ఆపి, ఇవాళ లంచ్ తిన్నావా అని అడుగుతుంది. చూసినవాళ్ళు లేచి వెంటనే బయటికి పోలేకపోయేవారు.

సుజన వేషం కృతిది. జార్జియాలో, అట్లాంటా పక్కన కమ్మింగ్ పిల్ల, అక్కడే పుట్టి పెరిగింది. పై స్థాయికి వెళ్ళేకొద్దీ ఆమె గొంతు సన్నబడదు, నిండుతుంది. కొలతలిచ్చిన మనిషికి జాకెట్టు కుట్టినట్టు ఆ పాటని కృతి గొంతుకే కుట్టింది త్రివేణి. ఇంకొకరికి అది పట్టదు.

షో నడిచింది, పేరొచ్చింది, సినిమావాళ్ళు వచ్చారు. ఇక్కడే అసలు తిరకాసు. ప్రొడ్యూసర్ మార్టిన్ టీవీ సిరీసుల్లో పేరున్న ఓ అమ్మాయిని సుజనగా పెడదామన్నాడు. కాంట్రాక్టులో త్రివేణి లాయరు పట్టుబట్టి రాయించిన మాట ఒకటుంది: హీరోయిన్‌గా ఎవరిని పెట్టాలన్నా త్రివేణి ఒప్పుకుంటేనే. ఆ రోజు లాస్ ఏంజిలస్‌లో, మార్టిన్ ఆఫీసు గదిలో, కాదు అని ఒక్క మాట అంటే చాలు. అనలేదు. అంటే సినిమా చెయ్యి జారిపోతుందని భయం. ఇన్నేళ్ళకి దొరికిన ముద్ద నోటిదాకా వచ్చింది కదా, మనిషి బుద్ధి అంతే. బయటికొచ్చి కృతికి ఫోన్ చేసి, చాలా పోట్లాడానురా, నా చేతిలో ఏమీ లేదు అని చెప్పింది. కృతి ఏడ్చి, మీరు ట్రై చేశారుగా ఆంటీ, అది చాలు అంది.

తీరా చూస్తే హీరోయిన్‌కి ఆఖరి పాట కొరుకుడు పడలేదు. శ్రుతి తగ్గించారు, సాధన చేయించారు, కుదరలేదు. అమెరికాలో హీరోయిన్ తనే పాడిందని గొప్పగా చెప్పుకుంటారు. వేరేవాళ్ళు పాడితే అది దొంగతనం చేసినంత రహస్యం. మార్టిన్ మళ్ళీ త్రివేణినే పట్టుకున్నాడు. ఆమె కృతిని అట్లాంటాలో ఓ రికార్డింగ్ స్టూడియోకి తీసుకెళ్ళి పాడించింది. ఎక్కడా చెప్పనని కృతి సంతకం పెట్టింది. గుట్టు బయటపడకుండా ఉంటే తన కంపెనీ తీసే తరువాతి మ్యూజికల్ సినిమాలో హీరోయిన్ కృతే అని మార్టిన్ రాసిచ్చాడు. ఆ పిల్లకి అంతకన్నా కావలసింది లేదు. కమ్మింగ్‌లో తల్లిదండ్రుల ఇంటి బేస్‌మెంట్లో పిల్లలకి పాటలు నేర్పుకుంటూ ఆ సినిమా కోసమే కూర్చుంది.

సినిమా వచ్చింది, ఆడింది, అవార్డులకి నామినేట్ అయింది. హీరోయిన్ ఇంత బాగా పాడుతుందని ఎవరికి తెలుసు అని పేపర్లన్నీ రాశాయి. చదివినప్పుడల్లా త్రివేణి కక్కలేక మింగలేక కూర్చుంది.

అప్పుడే ప్లేనోలో తెలుగు సంఘం వాళ్ళు సన్మానం పెట్టారు. ముందు వరసలో జ్ఞానప్రసూన పట్టుచీర కట్టుకుని కూర్చుంది. శాలువా కప్పారు, గంధం రాశారు. వ్యాఖ్యాత జగదీష్ వారమంతా కోడు రాసి శనివారం మైకు పట్టుకునే మనిషి. ఏ పాపమూ ఎరగడు. నిండు సభలో, "మేడమ్, ఆ ఆఖరి పాటకి మా ఇంట్లో అందరం ఏడ్చేశాం. ఇంతకీ పాడిందెవరండీ?" అని అడిగాడు.

హీరోయిన్ పాడి ఉంటుందన్న ఆలోచనే అతనికి రాలేదు. హాల్లో ఎవరికీ రాలేదు. చిన్నప్పటినుంచి త్రివేణి ఇంట్లో ఆ ప్రశ్నకి జవాబు చెప్పని రోజు లేదు. ఆమె కూడా అంతే సహజంగా, "మా కృతి. కమ్మింగ్ అమ్మాయి," అనేసింది. హాలంతా చప్పట్లు. మన పిల్లే, మన తెలుగు పిల్లే అని ఒకళ్ళకొకళ్ళు చెప్పుకున్నారు. ఆ చప్పట్లు వింటుంటే ఆమె గుండె మీది బరువు దిగిపోయింది. నిజంగా సంతోషించింది, పిచ్చిది. భోజనాల దగ్గర పులిహోర పెట్టించుకుంటుంటే గుర్తొచ్చింది, ఆ మాట అన్నప్పుడు అందరి చేతుల్లో ఫోన్లు పైకెత్తి ఉన్నాయని.

మర్నాటికి వీడియో ఊరూరా తిరిగింది. మార్టిన్ ఫోన్ చేశాడు. అరవలేదు, అరిచినా బాగుండేది. అవార్డుల సభలో ఆ పాట లైవ్‌గా ఉంటుందట. హీరోయిన్ ముందు నిలబడి పెదవులు కదుపుతుంది, కృతి ఎవరికీ కనబడకుండా లోపల నిలబడి పాడుతుంది. లోకమంతా చూశాక ఈ పుకారు దానంతటదే చస్తుంది, కృతికిచ్చిన సినిమా కృతికే ఉంటుంది. లేదంటే లేదు. నువ్వే వెళ్ళి ఒప్పించు, నీ మాటయితే వింటుంది అన్నాడు.

విషయం విని జ్ఞానప్రసూన ముక్కు మీద వేలేసుకుంది. పాడిన పిల్ల పేరు చెప్పడం కూడా నేరమేనా, ఇదెక్కడి చోద్యమే అంది. త్రివేణి అట్లాంటాకి టికెట్ బుక్ చేసింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. తొక్కింది కాబట్టి బయల్దేరింది.

కమ్మింగ్‌లో కృతి తలుపు తీసి ముందు కావలించుకుంది. ఆ వీడియో ఎన్నిసార్లు చూసుకుందో చెప్పింది. మీరు అలా మా కృతి అన్నారు కదా, సినిమా పోతే పోనీ అనిపించింది ఆ మినిట్‌లో అని నవ్వింది. త్రివేణికి ఆ నవ్వు చూడటం కష్టమైంది. మార్టిన్ చెప్పింది చెప్పినట్టు చెప్పేసింది. కృతి తన ఫోన్లో ఆ వీడియో తెరిచి కిందకి జరుపుకుంటూ వెళ్ళింది. తరువాత అడిగింది.

"ఆంటీ, ఒకటి అడగనా? ఆ వీడియో కింద ఎవరో కామెంట్ పెట్టారు, కంపోజర్‌కి క్యాస్టింగ్ అప్రూవల్ ఉంటుందని, హీరోయిన్ ఎవరో వాళ్ళు ఓకే చెయ్యాలని. మీకు ఉందా?"

లేదు అనొచ్చు. ఎవడు చూడొచ్చాడు? కానీ అంతదూరం వచ్చి ఆ పిల్ల కళ్ళలోకి చూస్తూ ఇంకో అబద్ధం ఆడటానికి త్రివేణికి నోరు రాలేదు.

"ఉంది."

"మరి నో అన్నారా?"

"అనలేదు."

కృతికి కోపం రాలేదు. వస్తే త్రివేణి ఆమె కాళ్ళమీద పడి ఉండేది. "మీరు పోట్లాడి ఓడిపోయారనుకున్నా ఇన్నాళ్ళూ," అంది మెల్లగా. "స్టూడియోలో కూడా అందుకే పాడాను. మీ కోసం." కింద బేస్‌మెంట్ తలుపు చప్పుడైంది, క్లాసుకి పిల్లలొస్తున్నారు. క్లాసయ్యేదాకా టైమ్ ఇవ్వండి, ఆలోచించి చెప్తాను అని దిగి వెళ్ళిపోయింది.

త్రివేణి బయట అద్దెకారులో కూర్చుంది. తన బతుకంతా ఎవరో ఒకరి ముందు తలూపడంగానే కనబడింది. రిహార్సల్స్‌లో డైరెక్టర్లకి తలూపింది, మార్టిన్‌కి తలూపింది, కన్నకూతురి లాంటి పిల్లని తీసుకెళ్ళి చీకటిగదిలో పాడించింది. ఛీ అనుకుంది. సరిగ్గా అప్పుడే మార్టిన్ ఫోనొచ్చింది, ఒప్పుకుందా అని.

ఒప్పుకోదు అంది త్రివేణి. ఆ పాట నాది, దాన్ని అలా దొంగచాటుగా పాడించడానికి నేను ఒప్పుకోను, పాడితే కృతి ముందుకొచ్చి పాడుతుంది, లేకపోతే పాటే లేదు అంది. మార్టిన్ నెమ్మదిగా, అయితే ఆ అమ్మాయి సినిమా ఈ నిమిషంతో సరి, నువ్వు కూడా మాకు మళ్ళీ పని చెయ్యవు, తెలుసా అన్నాడు. తెలుసు అంది. ఫోను పెట్టాక ఒళ్ళు తేలికైంది. జన్మలో మొదటిసారి నో అంది మరి. తనకి తానే పెద్ద ధైర్యవంతురాలిలా కనబడింది. మనిషి మంచిపని చేశాననుకునే క్షణంలో ఎంత గుడ్డిగా ఉంటాడో చెప్పలేం.

క్లాసు వదిలాక పిల్లలు బిలబిలమంటూ బయటికొచ్చి కార్లెక్కారు. వాళ్ళ వెనకే కృతి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి కానీ ఏదో తేల్చుకున్న మొహం. త్రివేణి కారు దిగి ఎదురెళ్ళి, ఆమె నోరు తెరవకముందే చెప్పేసింది. మార్టిన్‌కి నో చెప్పేశాను, నిన్నింక ఎవరూ లోపల దాచి పాడించరు, నా సినిమాలు పోతే పోనీ అంది. ఆ పిల్ల వచ్చి మళ్ళీ కావలించుకుంటుందనుకుంది కాబోలు.

కృతి నిలబడిపోయింది.

"నేను పాడతాను అని చెప్పడానికి వస్తున్నా," అంది. "లాస్ట్ టైమ్ అనుకుని పాడేసి, నా సినిమా నేను తీసుకుందామనుకున్నా."

త్రివేణి ఏదో అనబోయింది.

"అప్పుడు నో అనలేదు, నా రోల్ పోయింది. ఇప్పుడు నో అన్నారు, ఇంకో రోల్ పోయింది. రెండుసార్లూ మీరే డిసైడ్ చేశారు. నన్ను ఒక్కసారి అడిగారా ఆంటీ?"

అడగలేదు. త్రివేణి ఫోను తీసి మార్టిన్‌కి చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. కృతి చేతులు కట్టుకుని, ఆ ఫోను మోగుతున్నంతసేపూ అక్కడే నిలబడి ఉంది.