పచ్చి రంగు

వజ్రపు మొనతో అద్దం మీద ఒక్క గీత గీసి, బల్ల అంచుకు ఆనించి విఠల్ మెల్లగా వంచాడు. టక్కుమని చప్పుడైంది. అద్దం గీసినట్టే విరిగింది. దాన్ని గుడ్డతో తుడిచి, కింద పరుచుకున్న ఫోటో మీద పెట్టాడు. ఫోటోలో పెద్దాయన బొట్టు పెట్టుకుని కోపంగా చూస్తున్నాడు. ఆయన కర్మల దినం రేపే. సాయంత్రానికల్లా పటం కావాలని ఆయన కొడుకు రెండుసార్లు ఫోన్ చేశాడు.

చిక్కడపల్లి మెయిన్ రోడ్డు మీద మందుల షాపుకూ మిఠాయి కొట్టుకూ మధ్య ఇరుక్కుపోయిన దుకాణం అది. మీసాలు రాని వయసులో విఠల్ ఇందులో చేరాడు. ఇప్పుడు ఆ మీసాలు తెల్లబడ్డాయి. ఒకప్పుడు పెళ్ళిళ్ళూ పుట్టినరోజులూ కాలేజీ గ్రూపు ఫోటోలూ వచ్చేవి. ఇప్పుడు బతికున్నవాళ్ళంతా ఫోన్లలోనే ఉంటున్నారు. గోడెక్కేది దేవుళ్ళూ పోయినవాళ్ళూ మాత్రమే. ఊరందరి పటాలూ కట్టిన ఈ మనిషి ఇంటి గోడ మీద తన చేతి పటం ఒక్కటీ లేదు. గోడకు ఒక క్యాలెండరుంది, అదీ మిఠాయి కొట్టువాడు ఇచ్చింది.

"సేట్, అద్దాలన్ని కోసి పెట్టిన. మధ్యాహ్నం సంది జర ఛుట్టీ ఇయ్యి" అన్నాడు విఠల్.

కుమారస్వామి గల్లాపెట్టె మీద నుంచి తల ఎత్తలేదు. "ఆదివారమే గిరాకీ ఉంటది, ఆదివారమే ఛుట్టీ అడుగుతవ్. ఏంది పని?"

"క్లాసోళ్ళు ఇయ్యాల బయటికి తీస్కపోతున్నరు. ఏడాది సంది చెంబే గీస్తున్న సేట్."

కుమారస్వామి పగలబడి నవ్వాడు. నవ్వాడు గనుక పొమ్మన్నట్టే.

అశోక్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ పైన, రేకుల గదిలో రాజశేఖర్ మాస్టారు బొమ్మల క్లాసు నడుపుతాడు. కింద గదుల్లో పిల్లలు రాజ్యాంగం బట్టీ పడుతుంటారు. పైన ఒక స్టూలు మీద ఇత్తడి చెంబు, ప్లాస్టిక్ యాపిల్, మడతలు పెట్టిన దుప్పటి ముక్క. విఠల్ తర్వాత చేరినవాళ్ళు చెంబు దాటి, పూలు దాటి, చెట్లూ కొండలూ వేస్తున్నారు. విఠల్ చెంబు దగ్గరే ఉండిపోయాడు. ఏ కాగితం ఇచ్చినా ముందు నాలుగు వైపులా స్కేలు పెట్టి అంచు గీసేవాడు. ఆ అంచులోపల చెంబు బిక్కుబిక్కుమంటూ ఉండేది. అయినా అక్రిలిక్ రంగులతో వేసిన ఆ చెంబుల్ని అతను ప్రాణంగా చూసుకున్నాడు. అరగంటలో ఆరిపోయేవి. ఒకదానికి అద్దం కట్టి ఇంటికి తీసుకెళ్తే, "ఇంట్ల ఉన్న చెంబు చాలదా?" అని భార్య జయశ్రీ దాన్ని బీరువా వెనక్కి నెట్టింది. ఆమె చెడ్డ మనిషి కాదు. బీరువా వెనక చోటుంది, అంతే.

ఆ మధ్యాహ్నం ఆటోల్లో అడిక్‌మెట్ మీదుగా యూనివర్సిటీ లోపలికి వెళ్ళారు. రాళ్ళ గుట్ట, ఎండిన గడ్డి, సీతాఫలం పొదలు, వాటన్నిటి మీదా ఆకాశం. అక్కడే మొదటిసారి ఆయిల్ రంగు అతని చేతికొచ్చింది. అలవాటుగా స్కేలు తీశాడు.

మాస్టారు ఆ స్కేలు లాక్కుని జేబులో పెట్టుకున్నాడు. "అంచు ఎందుకయ్యా? ఆకాశానికి అంచు ఉంటదా?"

విఠల్ నీలం ట్యూబు మొత్తం పిండేశాడు. కాన్వాస్ అట్ట ఈ చివర నుంచి ఆ చివరకు, అంచులు దాటి చేతివేళ్ళ మీదికి పాకేదాకా నీలం పూశాడు. కింద రాళ్ళు కుదిరాయి. ఎలా కుదిరాయో అతనికే తెలియదు. ఎడమ భుజం లాగుతోంటే అట్ట మోసినందుకనుకున్నాడు. అతనికి సంతోషంగా ఉంది. ఆ మాట ఎవరితోనైనా చెప్పాలనిపించింది, పక్కనున్నవాళ్ళంతా ఫోన్లలో ఫోటోలు తీసుకుంటున్నారు.

మాస్టారు వెనక నిలబడి చూశాడు. "ఇది ఉంచుకో విఠల్. మంచిగొచ్చింది. కాని ఇది అక్రిలిక్ కాదు. నెల దాకా పచ్చిగనే ఉంటది. ముట్టొద్దు, ఎవ్వర్ని ముట్టనియ్యొద్దు."

ఎవరూ ముట్టకుండా ఉండాలంటే ఏం చేయాలో విఠల్‌కు ఒకరు చెప్పాలా? జీవితమంతా అతను చేసిన పని అదే. సాయంత్రం దుకాణానికి వచ్చీ రాగానే, ఎవరో ఆర్డరిచ్చి తీసుకెళ్ళడం మరిచిపోయిన బంగారు గీత ఫ్రేము దింపాడు. దుమ్ము పడకముందే బొమ్మ మీద అద్దం పెట్టి, వెనక మేకులు కొట్టి, సందు లేకుండా బిగించాడు. రంగు అద్దానికి హత్తుకుని ఇంకా నిగనిగలాడింది.

"షోకేసుల పెట్టుకో, ముచ్చట తీరుతది" అన్నాడు కుమారస్వామి.

విఠల్ పటం పెట్టి, రోడ్డు దాటి అవతల నిలబడ్డాడు. నారాయణగూడ వైపు పోయే బస్సులు అడ్డం వస్తున్నాయి, పోతున్నాయి. ఫైలు చంకలో పెట్టుకున్న ఒక యువకుడు షోకేసు ముందు ఆగాడు. దగ్గరికి వంగి చూశాడు. ఆ యువకుడు జేబులోంచి దువ్వెన తీసి, అద్దంలో చూసుకుంటూ తల దువ్వుకుని వెళ్ళిపోయాడు.

రాత్రి అన్నం పెడుతూ జయశ్రీ, "చెయ్యి సబ్బు పెట్టి కడిగినవా? కిరసనాయిలు వాసనొస్తున్నది" అంది.

"రేపు గుడికి పోంగ జర దుకాణం దిక్కు రా. షోకేసుల ఒకటుంది."

"మళ్ళ చెంబేనా?"

"కాదు. వచ్చి చూడు."

"సరే తియ్. చూస్త."

తెల్లారి ఆమె పాలు కాచి పిలిస్తే విఠల్ పలకలేదు. రెండోసారి పిలిచినప్పుడూ పలకలేదు.

దినం దగ్గరపడ్డాక జయశ్రీ తమ్ముడు శ్రీశైలం, విఠల్ ఓటరు కార్డు ఫోటోను పెద్దది చేయించి దుకాణానికి తెచ్చాడు. మరో ఫోటో దొరకలేదట. కుమారస్వామి పటం తానే కడతానన్నాడు. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు. కాని అద్దం కోయడం అతని చేత కాలేదు. ఒకటి అడ్డంగా విరిగింది, ఇంకొకటి వేలు కోసింది. కోయగలిగినవాడు ఫోటోలో ఉన్నాడు. చివరికి అద్దం కోసం షోకేసులోని విఠల్ బొమ్మ పటం దింపి, వెనక మేకులు పీకి అట్ట లాగాడు.

ఆకాశం అద్దానికే అంటుకుపోయింది. అట్ట మీద రాళ్ళు మాత్రం చీలికలుగా మిగిలాయి.

కుమారస్వామి కిరసనాయిలు గుడ్డతో నీలమంతా తుడిచాడు. అద్దం బయటికి తీస్తే ఇదీ విరుగుతుందన్న భయంతో ఫ్రేములో ఉండగానే లోపలి నుంచి తుడిచాడు. పై మూలలోకి వేలు దూరలేదు. ఫోటో పెట్టి, వెనక ఆ అట్టనే రాళ్ళను గోడవైపు తిప్పి బిగించి, ఖాకీ కాగితం అంటించాడు.

పటం ఇంటికి తెచ్చినప్పుడు జయశ్రీ అడిగింది. "అన్నా, షోకేసుల ఏదో ఉంది, వచ్చి చూడమన్నడు. ఉందా?"

కుమారస్వామి గోడకు మేకు కొడుతూ వెనక్కి తిరగలేదు. "అదా అక్కా... ఒకాయనకు మస్తు నచ్చింది. తీస్కపోయిండు."

"అయ్యో, నేను చూడనే లేదు" అని ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ తర్వాత వచ్చిన ప్రతివాళ్ళకూ ఆమె ఆ సంగతి చెప్పింది. మా ఆయన గీసిన బొమ్మ ఎవరో పెద్దోళ్ళింట్ల గోడ మీద ఉన్నదట అని. చెప్పి, దీపం పెట్టి, కొంగుతో పటం తుడుస్తుంది. పై మూలన, అతని తలకు కాస్త ఎగువన, గోరంత నీలం మరక ఉంది. అది అద్దానికి లోపలి వైపుది.