ఇద్దరి చేతి అరిసె

మా ఆయనకు లెక్కలు బాగా వచ్చు. నా కాపురంలో పెద్ద కష్టం ఇదే. తాగొచ్చిన మొగుడికి తెల్లారేసరికి దిగిపోతుంది. లెక్క ఎక్కినవాడికి దిగదు.

మద్దిలపాలెంలో మాది చిన్న పిండివంటల షాపు. వెనకగదిలో నేనూ, మా తోడికోడలు పుష్పా అరిసెలు వండేవాళ్ళం. పెళ్ళి సారెలకు జనం మా దగ్గరికే వచ్చేవారు. గిరాకీ పెరిగేసరికి మా ఆయన సింహాద్రి రుషికొండలో ఇంకో షాపు తీస్తానన్నాడు.

"అక్కడ కంపెనీ పిల్లలు. కళ్ళెదురుగా వండితేనే కొంటారు. అద్దాల వంటగది పెడదాం. నువ్విక్కడ, పుష్ప అక్కడ. ఇద్దరు మనుషులు, రెండు షాపులు. ఇంకేటి కావాల?"

శేషం కూడా మిగలని భాగహారం.

పుష్ప గరిటె కింద పెట్టింది. "నాకు పాకం సూడ్డవే వొచ్చు బావగారూ. తట్టడం, ఏపడం అక్క సేత్తాది."

"ఇన్నేళ్ళు పక్కనే ఉండి సూసినావు కదా. అదే వొత్తాది."

నిజానికి మేం ఒకరి పని ఒకరం చూడలేదు. పుష్ప పళ్ళెంలో నీళ్ళు పోసి, బెల్లం పాకం చుక్క వేసి, వేళ్ళతో ఉండ చుట్టి "ఊఁ" అనేది. ఆ మాట మీద నేను పిండి పోసి కలిపేదాన్ని. నేను తట్టి నూనెలో వేస్తే, వేగాక తను తీసి రెండు గరిటెల మధ్య నొక్కేది. మిగతా తీరికంతా మా ఆయన నడకను పుష్ప అనుకరించడానికీ, నేను నవ్వాపుకోలేక చావడానికీ సరిపోయేది. మొదటి వాయి దేవుడికని మా ఆయన నియమం. ఆయన పటం వైపు తిరిగేలోగా ఒక అరిసెను చెరిసగం తినేసేవాళ్ళం. దేవుడు ఏనాడూ చాడీ చెప్పలేదు.

రుషికొండ షాపు తెరిచారు. పుష్ప భర్త, మా మరిది కోటి, గల్లాపెట్టె దగ్గర కూర్చున్నాడు. ఆ ఉదయమే పుష్ప ఫోన్ చేసింది.

"అక్కా, నూనె కాగిందో లేదో ఎలా తెలుత్తాది?"

"చూస్తే తెలుస్తుందే. ముందు నా పాకం అయిందో లేదో నువ్వు చెప్పు," అని ఫోన్ కెమెరా మూకుడు మీదకు వంచాను.

"కంటికి కనబడతన్నాది గానీ ఏలికి తెలవాల కదక్కా."

నవ్వుకున్నాం. ఆమె అరిసెలు పైన మాడి లోపల పచ్చిగా ఉండేవి. నావి రాళ్ళు. ఒకాయన నా అరిసెతో గోడకు మేకు దిగ్గొట్టానని చెప్పి, ఇంకో నాలుగు మేకులున్నాయని మళ్ళీ కొనుక్కెళ్ళాడు. మా ఆయనకు మాత్రం నవ్వు రాలేదు. "అద్దంలోంచి అందరూ సూత్తన్నారు. ఆ ఫోన్లు కట్టిపెట్టండి," అన్నాడు.

ఆ తర్వాత ఓ పెళ్ళివారి సారె వెనక్కొచ్చింది. వియ్యపురాలు అందరి ముందూ అరిసె విరిచి లోపలి పచ్చిపిండి చూపించిందట. ఆ కోపంతో మా ఆయన రుషికొండ వెళ్ళి, అద్దం అవతల జనం చూస్తుండగా పుష్పను అన్న మాట కోటి నాకు చెప్పాడు.

"కావాలనే పాడు సేత్తన్నావు. ఏరుపడాలని నీ ఎత్తు."

"మరి నువ్వేమన్నావు కోటీ?"

"అన్నయ్య కదొదినా," అన్నాడు కోటి.

పుష్ప స్టవ్వు ఆపి, చేతులు కడుక్కుని, తగరపువలసలో కన్నవారింటికి బస్సెక్కేసింది. మర్నాడు కోటీ వెళ్ళిపోయాడు. నేను ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయేది.

రుషికొండ షట్టరు దించేశాక ఓ పొద్దున్న మా ఆయన వచ్చి నా పక్కన పీట వేసుకున్నాడు. "ఆ గరిటెలు ఇలాగియ్యి. నాను నొక్కుతాను."

"పాకం అయిందా?" అని అడిగాను.

"నాకేటి తెలుసు?"

ఇద్దరం పళ్ళెంలో నీళ్ళ వైపు చూస్తూ కూర్చున్నాం. బెల్లం మాడిన వాసన వచ్చేదాకా ఎవరమూ "ఊఁ" అనలేదు.

ఆయన లేచి బండి తీశాడు. నేను వెనక ఎక్కాను.

తగరపువలసలో పుష్ప తలుపు తీసి, "కూకోండి," అంది, నన్ను కూడా ఆయనతో కలిపి, పరాయివాళ్ళకు చెప్పినట్టు. బట్టల షాపులో పనికి కుదిరిందట. టీ ఇచ్చి గోడవారగా నిలబడింది. మా ఆయన కిటికీ వైపు తిరిగి ఉండడం చూసి, సంచిలోంచి నా అరిసె ఒకటి తీశాను. చెరిసగం చేద్దామని విరవబోయాను. విరగలేదు.

పుష్ప అందుకుని వేలితో నొక్కి చూసింది. నవ్వు పెదాలదాకా వచ్చి ఆగిపోయింది.

"పాకం ముదిరిపోనాదక్కా."

"వచ్చెయ్యవే."

"రానక్కా. మూకుడు కాడ నిలబడితే ఆ అద్దమే గుర్తొత్తాది. సెయ్యి ఆడదు." అరిసెను తిరిగి నా చేతిలో పెట్టింది.

మేం లేచాం. మా ఆయన ఒక కాలికి చెప్పు తొడిగి, రెండో కాలికి తొడగకుండా గుమ్మంలోనే ఆగిపోయాడు. ఆయన నడకను ఎన్నోసార్లు అనుకరించిన పుష్ప ఇప్పుడు ఆయన కాళ్ళవైపు కూడా చూడలేదు.

"నా లెక్కే తప్పమ్మా," అన్నాడు. "ఆ మాట ఇంకా తప్పు. నువ్వు కావాలని సెయ్యలేదని, ఆ మాట అన్నప్పుడే నాకు తెలుసు."