ఎడమ పక్క గుండీలు

ఎండచుక్క ముందు గోడ మీద పడుతుంది.

కిటికీ చెక్కలో ఒక కన్నం ఉంది. దాన్ని పూడ్పించండి మహానుభావా అని ఎన్నేళ్ళుగా పోరానో! పూడ్పించిన పాపాన పోలేదు. పొద్దున్నే ఆ కన్నంలోంచి కోటు గుండీ అంత ఎండ లోపలికొస్తుంది. గోడ మీంచి కుర్చీలో కూర్చున్న మా ఆయన గొంతు మీదికి. గొంతు మీంచి ఛాతీ మీదికి. ఛాతీ మీంచి మెల్లగా, మెల్లగా... ఒడిలోకి.

ఒడిలో కుడి చెయ్యి ఉంటుంది. నేను పెట్టిన చోటే ఉంటుంది.

ఎండ దాని మీద కాసేపు ఆగుతుంది. చెయ్యి కదలదు. ఎండే కదిలిపోతుంది.

ఆ చెయ్యి సంగతి చెప్పాలి.

నలభై ఏళ్ళు కత్తెర పట్టిన చెయ్యి అది. మేం పైన ఉంటాం, కింద మా కుట్టు షాపు. మగవాళ్ళ బట్టలు ఆయనవి, ఆడవాళ్ళ బట్టలు నావి, మధ్యలో ఒక పరదా. మెడలో టేపు వేసుకుని ఆయన ఎదురుగా నిలబడితే ఎంతటివాడైనా బుద్ధిగా చేతులెత్తాల్సిందే. ఊరందరికీ ఆయన మాస్టరుగారు. పక్క షాపులో వాచీలు బాగుచేసే ఆయనకి మాత్రం బావ. చుట్టరికమా ఏమన్నానా — ఉత్త నోటి దురద.

ఒక పొద్దున నీలం గుడ్డ పరిచి సుద్దతో గీత గీస్తున్నారు.

గీత వంకర పోయింది.

ఆయన గీత వంకర పోవడం నేనెప్పుడూ చూడలేదు. ఏమండీ... అనేలోపే సుద్ద కింద పడింది. ఆ తర్వాత ఆయన పడ్డారు.

ఆసుపత్రిలో పక్షవాతం అన్నారు. కుడి పక్క పడిపోయింది. పోతూ పోతూ సగం మాట కూడా పట్టుకుపోయింది.

ఇంటికి తెచ్చుకున్నాం. రోజు విడిచి రోజు వ్యాయామం చేయించడానికి ఒక అమ్మాయి వచ్చేది. వస్తూనే చెయ్యి చూసేది కాదు. ఎదురుగా కూర్చునేది.

"ఇవాళ మనసెలా ఉంది మాస్టరుగారూ?"

ఆయన గోడ వైపు తిరిగేవారు. నేను వంటింట్లోంచి అందుకునేదాన్ని — ఆయనకేం తల్లీ, నిక్షేపంలా ఉన్నారు!

అబద్ధం. పచ్చి అబద్ధం.

ప్రతి పొద్దునా ఆయన చొక్కా గుండీలు నేనే పెట్టేదాన్ని. ఏడు గుండీలు. ఆయన గడ్డం పైకెత్తి ఎటో చూస్తూ కూర్చునేవారు. వేల చొక్కాలకి గుండీలు కుట్టిన మనిషి! ఒక రోజు నా చెయ్యి తోసేశారు.

"నేను... పెట్టుకున్నాకే... కిందికి."

మూడు మాటలు. అవి బయటికొచ్చేలోపు ఎండ గొంతు మీంచి ఛాతీకి దిగింది. తన గుండీలు తను పెట్టుకున్న రోజే మెట్లు దిగుతారట. అంతదాకా షాపు మొహం చూడరట. పక్షవాతం కుడి చేతికి వచ్చింది గానీ మొండితనానికి మాత్రం రాలేదు.

ఎడమ చెయ్యి వెళ్ళేది. గుండీ పట్టుకునేది. కాజా దాకా తెచ్చేది.

జారేది.

మళ్ళీ వెళ్ళేది. మళ్ళీ జారేది.

అలా నెల. ఆ తర్వాత మరో నెల. వ్యాయామానికి కుడి కాలు కాస్త దారికొచ్చింది, చెయ్యి మాత్రం రాలేదు. వాచీల ఆయన వచ్చి గుమ్మంలో నిలబడితే ఈయన కళ్ళు మూసుకునేవారు. పళ్ళెంలో అన్నం సగం మిగిలేది. తడబడే ఆ నోట్లో ఒక్క మాట మాత్రం తడబడకుండా వచ్చేది — "ఇంకెందుకు?"

ఆ మాటకి నాకు భయం వేసేది. మనిషి పోతాడన్న భయం కాదు. ఉండగానే వద్దనుకుంటున్నాడన్న భయం.

ఆ భయంలో ఒక తెలివితక్కువ పని చేశాను.

రెండు చొక్కాలు తీసి కాజాలన్నీ కుట్టి మూసేశాను. ఉత్తుత్తి గుండీలు పైన కుట్టేశాను. లోపల అంటుకునే పట్టీ వేశాను. సంచులకి ఉంటుందే, లాగితే చర్రుమంటుంది, అది. ఒక్క నొక్కు నొక్కితే చాలు, చొక్కా వేసుకున్నట్టే. ఎంత తెలివైనదాన్నో అని మురిసిపోయాను కూడా.

వేసి, నొక్కి, చూసుకోండి అన్నాను. ఆయన కిందికి చూసుకున్నారు. అంచు పట్టి లాగారు.

చర్ర్...

ఎడమ బొటనవేలితో మూసుకుపోయిన కాజాలని తడిమారు. ఒకటి. రెండు. మూడు. అవి ఆయన చేత్తో కుట్టిన కాజాలు. మిషను కుట్టిందా, మనిషి కుట్టాడా అని జనం వేలు పెట్టి చూసుకునే కాజాలు.

"మూసేశావే..." అన్నారు.

అని, ఏడ్చారు.

అన్నాళ్ళలో అదే మొదటిసారి. భుజాలు కదిలిపోయేలా, నోరు ఒక పక్కకి పోయేలా ఏడ్చారు. ఊరుకోండి, ఊరుకోండి అంటూ కొంగుతో తుడవబోయాను. అప్పుడే లోపలికొచ్చిన వ్యాయామం అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది.

"ఉండండి ఆంటీ. ఏడవనివ్వండి. ఎన్నాళ్ళుగా ఉగ్గబట్టుకున్నారో!"

ఎండ ఛాతీ మీంచి ఒడిలోకి దిగింది. ఏడుపు నెమ్మదించింది. ఆ పిల్ల ఎప్పటిలాగే ఎదురుగా కూర్చుని ఎప్పటి ప్రశ్నే అడిగింది. ఆయన గోడ వైపు తిరగలేదు.

"బా...గో...లేదు."

"అమ్మయ్య!" అంది, ఏదో బహుమతి వచ్చినట్టు. "ఇప్పుడు పని మొదలుపెడదాం."

ఆ తర్వాత నా వైపు తిరిగింది. "మరి మీకెలా ఉంది ఆంటీ?"

నాకేం అనబోయాను. అంతదాకా ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు, నన్ను నేనే అడగలేదు. ఆ పూట నేనూ ఏడ్చాను. ఏడ్చి, మొహం కడుక్కుని, ముగ్గురికీ టీ పెట్టాను. ఆయన రెండో కప్పు అడిగి తాగారు.

ఆ మధ్యాహ్నం షాపుకి దిగాను. పరదా తీసి ఆయన వైపుకి వెళ్ళాను. నీలం గుడ్డ బల్ల మీద అలాగే ఉంది. దాని మీద వంకర గీత అలాగే ఉంది.

మగవాళ్ళ చొక్కా ముట్టుకోవద్దని ఆయన నాకు ఏనాడో చెప్పారు. పెళ్ళయిన కొత్తలో ఒక పెద్దమనిషి చొక్కాకి గుండీలు ఎడమ పక్కన కుట్టేశాను. మగవాళ్ళకి గుండీలు కుడి పక్క, కాజాలు ఎడమ పక్క ఉంటాయి. ఆడవాళ్ళకి దాన్ని తిరగేస్తారు. ఆ పెద్దమనిషి అది తొడుక్కుని అద్దం ముందు తికమకపడితే షాపు షాపంతా నవ్వింది. అంతే. మధ్యలో పరదా వెలిసింది.

ఆ పరదా దాటి కూర్చుని, వంకర గీత పక్కనుంచి కత్తిరించాను. రెండు రోజులు కుట్టాను. అంటుకునే పట్టీలు లేవు, ఉత్తుత్తి గుండీలు లేవు. ఏడు కాజాలూ చేత్తో కుట్టాను. క్షమించండి అనడం నాకు చేతకాదు. కుట్టడం చేతనవును.

మూడో రోజు పొద్దున చొక్కా తొడిగాను. కుడి చెయ్యి ముందు. ఎడమ చెయ్యి తర్వాత. ముందుకి వచ్చి చూశాను.

గుండీలు ఎడమ పక్క ఉన్నాయి!

నలభై ఏళ్ళు ఆడవాళ్ళ బట్టలు కుట్టిన చేతులు... వాటి పాటికి అవి కుట్టేశాయి. మళ్ళీ అదే తప్పు. ఆయనకే చేశాను. అది కూడా ఇప్పుడు!

"విప్పండి, విప్పండి! ఊడదీసి మళ్ళీ కుడతాను!"

"ఉండు."

ఎండ అప్పుడే గోడ దిగి గొంతు మీదికొచ్చింది.

ఎడమ చెయ్యి వెళ్ళింది. ఎడమ పక్కనున్న గుండీ పట్టుకుంది. కాజా దాకా తెచ్చింది. తోసింది.

దూరింది.

ఆయన నన్ను చూశారు. నేను ఆయన్ని చూశాను. ఇద్దరం నోరెత్తలేదు, ఎత్తితే ఎక్కడ ఊడిపోతుందోనని.

రెండోది దూరింది. మూడోది జారింది, జారి మళ్ళీ దూరింది. నాలుగోది తప్పు కాజాలోకి పోయింది. వెనక్కి తీసి, పళ్ళు బిగపట్టి, సరైన దాంట్లోకి తోశారు. ఎండ దిగుతోంది. ఆయన చెయ్యీ దిగుతోంది. అయిదు. ఆరు. చెమటలు పట్టాయి. తుడవబోయి నా చెయ్యి నేనే వెనక్కి లాక్కున్నాను.

ఏడు!

నోరు సగమే కదిలింది గానీ, ఆయన మొత్తం నవ్వారు.

"పద," అన్నారు.

పద్నాలుగు మెట్లు. ఎడమ చెయ్యి పిట్టగోడ మీద వేశారు. నేను వెనక నడిచాను, పట్టుకోకుండా, పట్టుకోబోయే చేతులతో. ఆఖరి మెట్టు దిగి వీధిలో నిలబడేసరికి ముందు గాలి తగిలింది. గాలికి చొక్కా అంచు రెపరెపలాడింది. గుండీ ఒక్కటి కూడా ఊడలేదు.

వాచీల ఆయన కంటికి భూతద్దంతోనే బయటికి పరిగెత్తుకొచ్చాడు. పైనుంచి కింది దాకా చూశాడు. నోటి దురద ఊరుకుంటుందా?

"బావా! గుండీలు తప్పు పక్కన పడ్డాయేంటి? మా చెల్లెమ్మ చొక్కా గానీ వేసుకొచ్చావా?"

ఇప్పుడు వెనక్కి తిరిగితే ఇక ఎప్పటికీ దిగరు.

ఆయన వెనక్కి తిరగలేదు. ఛాతీ విరుచుకుని నిలబడ్డారు, ఎదుటివాళ్ళ కొలత తీసుకునేటప్పుడు నిలబడ్డట్టు.

"తప్పు కాదు. ఇది నా కొలత."

ఒక్క ముక్క తడబడలేదు. వాచీల ఆయన కంటి అద్దం తీసి తుడుచుకున్నాడు. అద్దం తర్వాత కళ్ళు కూడా తుడుచుకున్నాడు. షాపు తలుపు తానే తీశాడు. మా ఆయన లోపలికి నడిచి, మధ్యలో వేలాడుతున్న పరదాని ఎడమ చేత్తో పట్టి ఒక్క గుంజు గుంజారు.

అది కింద పడింది. మేం మళ్ళీ కట్టలేదు.

ఇప్పుడు ఆయన చొక్కాలన్నీ అలాగే కుడుతున్నాను. కాలరు మొదలు కింది అంచు దాకా అన్నీ ఆయనే పెట్టుకుంటారు. మనసు బాగోలేని రోజున బాగోలేదు అంటారు. నేనూ అంటాను. అనేసి, ఇద్దరం మెట్లు దిగుతాం.

ఒక్క గుండీ మాత్రం మిగిలింది.

ఎడమ మణికట్టు గుండీ. దాన్ని ఎడమ చెయ్యి పెట్టుకోలేదు. దానికి కుడి చెయ్యే రావాలి.

ఈ పొద్దున ఎడమ మణికట్టుని తెచ్చి ఒడిలో, కుడి చెయ్యి పక్కన పెట్టుకున్నారు. పెట్టనా అంటూ ముందుకి వంగాను.

"ఉండు."

కూర్చున్నాను. నా చేతులు రెండూ నా ఒడిలో పెట్టుకుని కూర్చున్నాను.

ఎండచుక్క గోడ దిగింది. గొంతు దిగింది. ఛాతీ దిగింది. ఒడిలో కుడి చెయ్యి మీదికొచ్చి ఆగింది.

గుండీ ఇంకా జానెడు దూరంలో ఉంది.

ఇవాళ... ఎండ కంటే ముందు చెయ్యి కదిలింది.